వాటికీ ఓ లెక్కుంది!

వేళ్లు మడిచి లెక్కపెట్టడం, ఎక్కాలు వల్లె వేయడం, పద్దులు రాయడం మనుషుల పనులే. కానీ ఏది ఎక్కువో ఏది తక్కువో తేల్చుకోవాల్సిన అవసరం మనిషికన్నా చాలా ముందే పుట్టింది. ఎదురుగా ఉన్న శత్రువులు ఎందరు? గూట్లో గుడ్లు ఎన్ని? ఇంటి నుంచి ఎంత దూరం వచ్చాం? అడవిలో ఈ ప్రశ్నలకు జవాబు తప్పితే పోయేది మార్కులు కాదు, ప్రాణం. అందుకే ఏ జీవికి ఏ లెక్క అక్కరకొస్తుందో ఆ లెక్క దానికి వచ్చు. అది వచ్చని మనం నిరూపించడమే కష్టం. ప్రశ్న అడుగుతూ అడుగుతూ జవాబు కూడా మనమే అందించేస్తుంటాం మరి! ఆ పొరపాటుకు తావివ్వకుండా శాస్త్రవేత్తలు పట్టుకున్న కొన్ని లెక్కలు ఇవి.

1. సింహాలు గొంతులు లెక్కపెట్టాకే కయ్యానికి దిగుతాయి

టాంజానియాలోని సెరెంగెటి మైదానాల్లో కారెన్ మెక్‌కాంబ్, క్రెయిగ్ ప్యాకర్, ఆన్ ప్యూసీ అనే శాస్త్రవేత్తలు ఆడసింహాల గుంపులకు లౌడ్‌స్పీకర్లలో గర్జనలు వినిపించారు. ఆ గొంతులు వాటికి పరిచయం లేనివి. ఒకసారి ఒకే ఒక్క కొత్త ఆడసింహం గర్జన, మరోసారి మూడు కలిసి చేసిన గర్జన. వినిపించింది ఒక్క గొంతయితే గుంపులోని సింహాలు శబ్దం వచ్చిన వైపు నడిచాయి. మూడు గొంతులయితే వెనకాడాయి. వెళ్లినా ఆచితూచి వెళ్లాయి.

అసలు విశేషం అది కాదు. అవతల ఎందరున్నారో విన్నాక, ఇవతల మనం ఎందరమని కూడా చూసుకున్నాయి. తమ సంఖ్య పెరిగేకొద్దీ ముందుకు కదిలే ధైర్యమూ పెరిగింది. ఒక్కోసారి దూరంగా ఉన్న తోటి సింహాలను పిలుస్తూ అవీ గర్జించాయి. సింహాల గుంపంతా ఎప్పుడూ ఒకేచోట ఉండదు. రెండు ఇక్కడ, మూడు అక్కడ తిరుగుతుంటాయి. అందుకని ‘ఇప్పుడు ఇక్కడ ఎందరం?’ అన్న లెక్క ఎప్పటికప్పుడు తాజాగా ఉండాలి. చెవితో విన్న సంఖ్యను కంటితో చూసిన సంఖ్యతో పోల్చడం మామూలు విషయం కాదు. ఈ అధ్యయనం 1994లో వెలువడింది. ఆ తర్వాత కెన్యాలోని మచ్చల దుమ్ములగొండులకు ఇలాగే కొత్త గొంతులు వినిపించి చూశారు. ఒకటి, రెండు, మూడు... గొంతులు పెరిగేకొద్దీ అవి మరింత అప్రమత్తమయ్యాయి.

2. దోమల్ని తినే చేపకు మూడుకూ నాలుగుకూ తేడా తెలుసు

మన ఊళ్లలో దోమల నివారణకు కుంటల్లో, నీటి గుంతల్లో గంబూసియా చేపల్ని వదలడం చూసే ఉంటారు. ఇటలీలోని పాడువా విశ్వవిద్యాలయంలో క్రిస్టియన్ అగ్రిల్లో బృందం ఈ చేపల లెక్క తేల్చింది. గంబూసియా ఒంటరిగా కొత్తచోట పడితే పెద్ద గుంపు ఎటుందో చూసుకుని అందులో కలుస్తుంది. గుంపు ఎంత పెద్దదైతే వేటాడే చేప నోట్లో పడే ముప్పు అంత తక్కువ కదా! శాస్త్రవేత్తలు రెండు వైపులా రెండు గుంపులు ఉంచి ఎటు పోతుందో గమనించారు. ఒకటి-రెండు, రెండు-మూడు, మూడు-నాలుగు... ఇంతవరకూ పెద్ద గుంపును గుర్తుపట్టింది. నాలుగు-అయిదు అనేసరికి తికమకపడింది. అయితే నాలుగు-ఎనిమిది, ఎనిమిది-పదహారు లాంటి పెద్ద తేడాల్ని మళ్లీ తేలిగ్గా పోల్చుకుంది.

జంతువుల లెక్కల్లో చాలావాటి వెనక ఉన్న కిటుకు ఇక్కడే ఉంది. చిన్న సంఖ్యలు దాటాక ముఖ్యం తేడా కాదు, నిష్పత్తి. ఒకటికీ రెండుకూ మధ్య తేడా ఒకటే, ఇరవైకీ ఇరవై ఒకటికీ మధ్య తేడా కూడా ఒకటే. కానీ మొదటిది చూడగానే తెలుస్తుంది, రెండోది కూర్చుని లెక్కపెడితే తప్ప తేలదు. బరువుల విషయంలో ఈ సూత్రాన్ని జర్మన్ శాస్త్రవేత్త ఎర్నెస్ట్ వేబర్ 19వ శతాబ్దంలోనే గమనించాడు. చేప నుంచి మనిషి దాకా, ఒక్కొక్కటీ లెక్కించకుండా చూపుతో అంచనా వేసేటప్పుడు దాదాపు అందరికీ వర్తించేది ఇదే.

3. కప్ప పాటను ప్రేయసీ లెక్కిస్తుంది, గబ్బిలమూ లెక్కిస్తుంది

పనామాలో టుంగారా అనే చిన్న కప్ప ఉంది. మగకప్ప ముందు ఓ పొడుగాటి కూత తీసి, దాని చివర ‘చక్, చక్’మని పొట్టి శబ్దాలు చేరుస్తుంది. చక్‌లు ఎక్కువున్న పాటంటే ఆడకప్పకు మోజు. పక్కనున్న మగకప్ప ఒక చక్ పెంచితే ఇదీ పెంచుతుంది. ఈ వేలంపాట ఆరేడు చక్‌ల దాకా పోతుంది.

మరి ఇంకా ఎందుకు పోదు? అదే చెరువుమీద కప్పల్ని తినే గబ్బిలం కూడా చెవులు రిక్కించి వింటుంటుంది. దానికీ చక్‌లు ఎక్కువున్న పాటే ఇష్టం. అందుకే మగకప్ప సందడి పెంచినకొద్దీ ప్రమాదం పెరుగుతుంది. అయితే 2011లో వచ్చిన ఓ అధ్యయనం మరో కారణాన్నీ బయటపెట్టింది. ఆడకప్పలూ గబ్బిలాలూ కూడా పాటల్ని నిష్పత్తి ప్రకారమే పోలుస్తాయి. ఒక చక్ నుంచి రెండుకు పెంచితే లాభం బాగా ఉంటుంది. అయిదు నుంచి ఆరుకు పెంచితే వినేవాళ్లకు తేడా పెద్దగా తెలియదు. ఎంత గొంతు చించుకున్నా ఒక దశ దాటాక గిట్టుబాటు కాదన్నమాట.

4. ‘డీ’లు ఎన్నయితే ప్రమాదం అంత

ఉత్తర అమెరికా చికాడీ పిట్టలు శత్రువును చూస్తే ‘చిక-డీ-డీ’ అని అరుస్తాయి. ఆ పిలుపుతోనే వాటికి ఆ పేరు. క్రిస్టఫర్ టెంపుల్టన్ బృందం ఈ పిట్టలకు రకరకాల వేటపక్షుల్ని చూపించి అరుపులు రికార్డు చేసింది. పెద్ద గుడ్లగూబను చూసినప్పుడు చివర్లో డీలు తక్కువ. బుల్లి గుడ్లగూబను చూసినప్పుడు డీలు ఎక్కువ. తారుమారైందనుకోకండి! పెద్ద గుడ్లగూబ కొమ్మల మధ్య చురుగ్గా మలుపులు తిరగలేదు. పిట్టల్ని వెంటాడి పట్టేది చిన్నదే. రికార్డు చేసిన అరుపుల్ని మళ్లీ వినిపిస్తే, డీలు ఎక్కువున్న అరుపుకు మిగతా చికాడీలు ఎక్కువగా గుమికూడాయి. ఈ సంగతి 2005లో వెల్లడైంది.

5. దొంగగుడ్లను లెక్కలోంచి తీసేసే తల్లి

కొల్లేరు లాంటి సరస్సుల్లో నల్లటి ఒళ్లు, నుదుట తెల్లటి మచ్చతో నీటికోళ్లు కనిపిస్తాయి. వాటికి దగ్గరి చుట్టాలైన అమెరికన్ కూట్ పక్షులకు ఓ పాడుబుద్ధి ఉంది. అవకాశం దొరికితే పక్క గూట్లో గుడ్డు పెట్టి వచ్చేస్తాయి. ఆ పిల్లను పెంచే భారం పక్కింటిది. తిండి దొరక్క పిల్లలు చచ్చిపోయే ఆ చిత్తడినేలల్లో ఒక పరాయి పిల్లను పెంచితే సొంతపిల్లకు నోటి దగ్గర కూడు పోయినట్టే.

కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో బ్రూస్ లయన్ అనే శాస్త్రవేత్త వందల గూళ్లను పరిశీలించి, ఈ మోసానికి విరుగుడు ఏమిటో 2003లో వెల్లడించాడు. కొన్ని తల్లిపక్షులు రంగును, చుక్కల్ని బట్టి దొంగగుడ్డును పసిగడతాయి. దాన్ని గూటి గడ్డిలో పూడ్చేస్తాయి, లేదా సరిగ్గా పొదగడానికి వీల్లేని అంచుకు నెట్టేస్తాయి. ఇదంతా గుడ్లు పెడుతూ ఉండగానే జరుగుతుంది. ఇంకా ఎన్ని పెట్టాలన్నది కూడా అప్పుడే తేల్చుకోవాలి. మోసం కనిపెట్టలేని తల్లి గూట్లో ఉన్న మొత్తం గుడ్లను చూసుకుని, పరాయి గుడ్లు ఎన్ని ఉంటే అన్ని సొంతగుడ్లు తగ్గించేసుకుంటుంది. కనిపెట్టిన తల్లి మాత్రం దొంగగుడ్లు కళ్లముందే ఉన్నా వాటిని లెక్కలోంచి కొట్టేసి, తన వాటా గుడ్లు పూర్తిగా పెడుతుంది. అంటే అది గూటి నిండుదనాన్ని బట్టి పోవడం లేదు. తన గుడ్లను మాత్రమే ఎంచుకుంటోంది. ఎవరూ నేర్పకుండా, తన ఇంట్లో తాను చేసుకునే ఇలాంటి లెక్క పరిశోధకుల కంటపడటం అరుదు.

6. యూరప్‌ను నమ్మించిన గుర్రానికి లెక్కలు రానేరావు

1900ల తొలినాళ్లలో బెర్లిన్‌లో హాన్స్ అనే గుర్రం పేరు మారుమోగిపోయింది. దాని యజమాని విల్‌హెల్మ్ వాన్ ఆస్టెన్ లెక్కల మాస్టారుగా పనిచేసినవాడు. కూడికలు, తీసివేతలు, భిన్నాలు, తేదీలు... ఏది అడిగినా హాన్స్ కాలిగిట్టతో అన్నిసార్లు నేలమీద కొట్టి సరైన జవాబు దగ్గర ఆగేది. వాన్ ఆస్టెన్ పైసా పుచ్చుకోలేదు. ఆయన లేనప్పుడు వేరేవాళ్లు అడిగినా హాన్స్ జవాబు చెప్పేది. 1904లో కార్ల్ స్టంఫ్ ఆధ్వర్యంలో ఓ కమిటీ పరీక్షించి ఇందులో మోసమేమీ లేదని తేల్చింది.

స్టంఫ్ దగ్గర పనిచేసే ఆస్కార్ ఫుంగ్‌స్ట్ అంతటితో ఊరుకోలేదు. జవాబు తెలియని మనిషితో ప్రశ్న అడిగించాడు. హాన్స్ తప్పింది. జవాబు తెలిసినవాళ్లను గుర్రానికి కనిపించకుండా నిలబెట్టాడు. మళ్లీ తప్పింది. అసలు సంగతి ఏమిటంటే, ప్రశ్న అడిగినవాళ్లు గిట్టల వైపు చూడటానికి తల కొద్దిగా వంచుతారు. అది చూసి హాన్స్ కొట్టడం మొదలుపెడుతుంది. సరైన సంఖ్య రాగానే వాళ్ల బిగువు సడలి తల పిసరంత పైకి లేస్తుంది. హాన్స్ ఆగిపోతుంది. సంక్రాంతికి వచ్చే గంగిరెద్దు తలూపడానికి దాన్ని ఆడించే మనిషి సైగ ఎంత అవసరమో ఇక్కడా అంతే. తేడా ఏమిటంటే, ఇక్కడ సైగ చేస్తున్న సంగతి చేసేవాళ్లకే తెలియదు. విషయం మొత్తం తెలిశాక కూడా ఫుంగ్‌స్ట్ తన తల కదలకుండా ఆపుకోలేకపోయాడు!

ఆయన 1907లో ఈ వివరాలన్నీ పుస్తకంగా వేశాడు. అప్పటి నుంచి జంతువుల తెలివిని పరీక్షించేవాళ్లు జవాబు తెలిసిన మనిషి దానికి కనిపించకుండా జాగ్రత్తపడుతున్నారు. ఇక్కడినుంచి చదివే పరీక్షల్లో తెరలు, సొరంగాలు, టచ్‌స్క్రీన్లు ఎందుకు ఇన్ని ఉన్నాయంటే కారణం హాన్సే.

7. మూడు రోజుల కోడిపిల్లకు కూడికా తీసివేతా వచ్చు

గుడ్డులోంచి బయటికి రాగానే కంటబడిన వాటిని కోడిపిల్ల తనవాళ్లనుకుంటుంది. తల్లి బదులు చిన్న బంతులు పెట్టినా సరే, వాటి వెంటే పడుతుంది. ఇటలీకి చెందిన రోసా రుగాని, జార్జియో వలోర్టిగారా బృందం ఈ అలవాటునే పరీక్షగా మార్చింది. అయిదు ఒకే రకం వస్తువుల మధ్య పెరిగిన పిల్లను ఓ పారదర్శకమైన పెట్టెలో కూర్చోబెట్టారు. ఎదురుగా రెండు తెరలు. దాని కళ్లముందే నాలుగు వస్తువులు ఒక తెర చాటుకు, ఒకటి రెండో తెర చాటుకు వెళ్లాయి. తర్వాత మొదటి తెర వెనకనుంచి రెండు బయటికొచ్చి, అది చూస్తుండగానే రెండో తెర వెనక్కి మారాయి. ఇప్పుడు ఇటు రెండు, అటు మూడు. తెరల చాటున ఏముందో కనిపించదు. పెట్టె తలుపు తీయగానే పిల్లల్లో ఎక్కువభాగం మూడు ఉన్న తెర వైపే పరుగెత్తాయి. మొదట ఎక్కువున్న చోటుకు పోలేదు. రాకపోకల్ని కలుపుకుని, తీసేసుకుని, ఇప్పుడు ఎటు ఎక్కువో తేల్చుకున్నాయి. ఎవరూ నేర్పలేదు, తప్పు చేస్తే దిద్దలేదు. ఈ ఫలితం 2009లో వచ్చింది.

అదే బృందం 2015లో ఇంకో చిత్రం చూపించింది. అయిదు చుక్కలున్న పలక చాటున తిండి దొరుకుతుందని అలవాటు చేశాక, రెండు వైపులా రెండేసి చుక్కలున్న పలకలు పెడితే పిల్లలు ఎక్కువగా ఎడమకు వెళ్లాయి. ఎనిమిదేసి చుక్కలుంటే కుడికి వెళ్లాయి. మనం స్కేలుమీద చిన్న అంకెలు ఎడమవైపు, పెద్దవి కుడివైపు ఊహించుకున్నట్టే! దీనిమీద మాత్రం శాస్త్రవేత్తల మధ్య వాదోపవాదాలు నడుస్తున్నాయి.

8. చీమకు కొయ్యకాళ్లు కడితే ఇల్లు దాటిపోయింది

ట్యునీషియా ఉప్పునేలల్లో తిరిగే ఎడారి చీమకు దారి పొడవునా గుర్తుపెట్టుకోవడానికి చెట్టూ లేదు, రాయీ లేదు. ఎండకు నేల కాలిపోతుంటే వాసన జాడలూ నిలవవు. అయినా తిండి దొరకగానే తిన్నగా పుట్ట దగ్గరికి వచ్చేస్తుంది. దిక్కు ఆకాశంలోని వెలుతురును బట్టి తెలుస్తుంది. మరి దూరం?

మాథియాస్ విట్లింగర్, రూడిగర్ వేనర్, హెరాల్డ్ వోల్ఫ్ 2006లో దీన్ని తేల్చిన తీరు చూస్తే నవ్వూ వస్తుంది, ముచ్చటా వేస్తుంది. చీమల్ని పుట్ట నుంచి తిండి దాకా 10 మీటర్లు నడవనిచ్చారు. అక్కడ పట్టుకుని కొన్నిటి కాళ్లకు పంది వెంట్రుకలు అతికించి పొడుగు చేశారు. కొన్నిటి కాళ్లను పొట్టి చేశారు. పొడుగుకాళ్ల చీమలు తిరుగుదారిలో 15 మీటర్లు దాటాక గానీ ఆగి పుట్ట కోసం వెతకలేదు. పొట్టికాళ్లవి 6 మీటర్లు కూడా పోకుండానే ఇల్లొచ్చేసిందనుకుని గిరగిరా తిరిగాయి. అంటే వెళ్లేటప్పుడు ఎన్ని అడుగులు వేశాయో వచ్చేటప్పుడూ అన్నే వేశాయి. అడుగు పొడవు మారిందన్నది వాటికి తెలియదు. తర్వాత ఆ మారిన కాళ్లతోనే పుట్ట నుంచి బయల్దేరనిస్తే, రానూపోనూ లెక్క సరిపోయి సరిగ్గా ఇల్లు చేరాయి. అది ఒకటి, రెండు అని ఎంచుతోందని చెప్పలేం. కానీ లోపల ఏదో మీటరు తిరుగుతోంది. అది కొలిచేది అడుగుల్నే.

9. తేనెటీగకు సున్నా అంటే తెలుసు

ఆస్ట్రేలియాలో మండ్యం శ్రీనివాసన్ పేరు తేనెటీగల పరిశోధనకు మారుపేరు. పుణెలో పుట్టి, బెంగళూరులో ఇంజనీరింగ్ చదివిన ఆయన స్వీడన్ శాస్త్రవేత్త మేరీ డాకేతో కలిసి 2008లో తేనెటీగలకు ఓ సొరంగం పరీక్ష పెట్టాడు. సొరంగంలో వరసగా గుర్తులు, వాటిలో ఫలానా గుర్తు దగ్గర పంచదార నీళ్లు. తర్వాత గుర్తుల మధ్య దూరాలు మార్చేసి, పంచదార నీళ్లు తీసేశారు. దూరాన్ని నమ్ముకుని ఎగిరితే తప్పాలి. తేనెటీగలు మాత్రం అన్నో గుర్తు దగ్గరికే వెళ్లి వెతికాయి. ఇలా నాలుగు దాకా లెక్క నిలిచింది.

పదేళ్ల తర్వాత మెల్‌బోర్న్‌లో స్కార్లెట్ హోవర్డ్, ఏడ్రియన్ డయర్ బృందం మరో మెట్టు ఎక్కించింది. రెండు బొమ్మల్లో ఆకారాలు తక్కువున్న దానిమీద వాలితే తియ్యటి నీళ్లు అని నేర్పారు. నేర్చాక అవి ఎప్పుడూ చూడని ఖాళీ కాగితం ముందుపెట్టారు. ఒకటి ఉన్న బొమ్మ, ఏమీ లేని కాగితం... ఏది తక్కువ? తేనెటీగలు ఖాళీ కాగితాన్నే ఎక్కువగా ఎంచుకున్నాయి. ఖాళీని ఆరుతో పోల్చమంటే తేలిగ్గా, ఒకటితో పోల్చమంటే కాస్త కష్టంగా చేశాయి. అంటే ఖాళీని అవి వేరే వస్తువుగా కాక, ఒకటికి ముందుండే మెట్టుగానే చూస్తున్నాయి. సున్నాతో కూడికలు, తీసివేతలు ఎలా చేయాలో బ్రహ్మగుప్తుడు 628లో నియమాలు రాశాడు. అలాంటి సున్నాను పోల్చుకున్న ఈ పురుగు మెదడులో నాడీకణాలు పది లక్షలు కూడా లేవు.

2019లో అదే బృందం రంగుల్ని గుర్తులుగా వాడింది. ఆకారాలు నీలం రంగులో ఉంటే ఒకటి కలపాలి, పసుపు రంగులో ఉంటే ఒకటి తీసేయాలి. దారి రెండుగా చీలే చోట సరైన సంఖ్య వైపు వెళితే పంచదార నీళ్లు, తప్పయితే చేదు క్వినైన్. 14 తేనెటీగలు ఒక్కోటి వంద సార్లు సాధన చేశాయి. ఆఖరి పరీక్షలో 63 నుంచి 72 శాతం దాకా సరైన దారి పట్టాయి. ఇదే రంగుల సూత్రాన్ని జర్మనీలోని బాన్‌లో మామూలు చేపలకూ టేకు చేపలకూ (స్టింగ్‌రే) నేర్పితే, వాటిలోనూ కొన్ని నేర్చుకున్నాయని 2022లో తేలింది.

10. ‘ఏదీ లేదు’ అన్న చిలుక

1977లో ఐరీన్ పెప్పర్‌బర్గ్ షికాగోలోని ఓ దుకాణంలో ఆఫ్రికా బూడిదరంగు చిలుకను కొంది. ఆమె చదివింది రసాయనశాస్త్రం. అలెక్స్ అని పేరుపెట్టిన ఆ చిలుకతో ముప్పై ఏళ్లు పనిచేసింది. పళ్లెంలో రకరకాల వస్తువులు కలగలిపి పెట్టి, ‘ఆకుపచ్చ దిమ్మెలు ఎన్ని?’ అంటే అలెక్స్ వాటిని మాత్రమే ఎంచి ఇంగ్లిషులో సంఖ్య చెప్పేది. ఆరు దాకా చక్కగా చెప్పగలిగేది.

ఒకరోజు పళ్లెంలో రెండు, మూడు, ఆరు చొప్పున దిమ్మెలు మూడు రంగుల్లో పెట్టి ‘మూడున్నది ఏ రంగు?’ అని అడిగారు. అలెక్స్ ‘అయిదు’ అంది. మళ్లీ అడిగితే మళ్లీ ‘అయిదు’. పళ్లెంలో అయిదుగా ఉన్నవేవీ లేవు. విసుగొచ్చి ‘సరే, అయిదున్నది ఏ రంగు?’ అని అడిగారు. ‘ఏదీ లేదు’ అంది అలెక్స్. రెండు వస్తువుల మధ్య తేడా లేనప్పుడు వాడమని నేర్పిన మాట అది. ఎన్ని ఉన్నాయన్న ప్రశ్నకు వాడమని ఎవరూ నేర్పలేదు. ఆ ఒక్క జవాబును నమ్మేయకుండా వరసగా పరీక్షలు పెట్టి చూశాకే ఈ విషయం 2005లో ప్రచురించారు. అలెక్స్ 2007లో చనిపోయింది.

11. కాకి ఎన్నిసార్లు అరవాలో ముందే నిర్ణయించుకుంటుంది

జర్మనీలోని ట్యూబింగెన్‌లో ఆండ్రియాస్ నీడర్ ప్రయోగశాల కాకులకు పెట్టింది పేరు. అక్కడ కాకుల మెదడులో ప్రత్యేకంగా ఓ సంఖ్యకే ఉలిక్కిపడే నాడీకణాలున్నాయని 2015లో చూపించారు. కొన్ని రెండు చుక్కలకు, కొన్ని మూడుకు, కొన్ని నాలుగుకు. కోతుల మెదడులోనూ ఇలాంటివి ఉన్నాయి. కానీ పక్షులదీ మనదీ దారులు విడిపోయి 30 కోట్ల ఏళ్లు దాటింది. పక్షుల మెదడు నిర్మాణమే వేరు. ఒకే లెక్కకు ప్రకృతి రెండు వేర్వేరు యంత్రాలు తయారుచేసిందన్నమాట.

2024లో డయానా లియావో తదితరులు మూడు కాకులకు ఓ కొత్త పని అప్పగించారు. తెరమీద వచ్చిన గుర్తును బట్టి, లేదా వినిపించిన శబ్దాన్ని బట్టి ఒకటి నుంచి నాలుగు దాకా అన్నిసార్లు అరవాలి. అయిపోయిందని చెప్పడానికి తెరమీద ముక్కుతో పొడవాలి. కాకులు నేర్చుకున్నాయి. రికార్డింగులు విశ్లేషిస్తే మరో సంగతి బయటపడింది. మొదటి అరుపు తీరు వింటేనే ఇది మొత్తం ఎన్నిసార్లు అరవబోతోందో చెప్పొచ్చు. మూడు అరవాలంటే ఆ మూడూ మొదలుపెట్టక ముందే లోపల సిద్ధమవుతున్నాయి.

12. ఇంకొన్ని గబగబా...

* న్యూజిలాండ్ రాబిన్ పిట్ట చూస్తుండగా రెండు కన్నాల్లో పురుగులు వేస్తే ఎక్కువ వేసిన కన్నానికే ముందు వెళ్తుంది. చాటుగా కొన్ని మాయం చేస్తే, తక్కువైన పురుగుల కోసం ఎక్కువసేపు వెతుకుతుంది.

* బంగారు వన్నె సాలీడు గూట్లో దాచుకున్న ఎరల్ని ఎత్తేస్తే, ఎక్కువ పోయినప్పుడు ఎక్కువసేపు వెతుక్కుంటుంది.

* టోక్యోలోని ఉయెనో జూలో ఓ ఆసియా ఆడఏనుగు టచ్‌ప్యానెల్‌మీద పళ్ల బొమ్మలు ఎక్కువున్న వైపును తొండంతో తాకింది. మూడింట రెండొంతులసార్లు సరిగ్గా చెప్పింది. మిగతా జంతువుల్లా నిష్పత్తి దగ్గరయ్యేకొద్దీ దాని తప్పులు పెరగకపోవడం శాస్త్రవేత్తల్ని ఆశ్చర్యపరిచింది. అలాంటప్పుడు జవాబు చెప్పడానికి మాత్రం ఎక్కువ సమయం తీసుకుంది.

* తైవాన్‌లో పరీక్షించిన కటిల్‌ఫిష్ నాలుగు రొయ్యలకూ అయిదు రొయ్యలకూ తేడా పట్టింది. ఆకలిగా ఉంటే రెండు చిన్న రొయ్యల్ని కాదని ఒక పెద్ద రొయ్య వైపు వెళ్లింది.

13. పదిహేడేళ్లు లెక్కపెట్టే పురుగు, అయిదు దాకా లెక్కపెట్టే మొక్క

అమెరికాలో కొన్ని జాతుల సికాడా పురుగులు 13 ఏళ్లు, కొన్ని 17 ఏళ్లు నేలలో వేళ్ల రసం తాగుతూ ఉండి, ఆ ఏడాది వసంతంలో అన్నీ ఒకేసారి బయటికొస్తాయి. మట్టిలో ఉన్న పురుగుకు ఏళ్లు ఎలా తెలుస్తాయి? రిచర్డ్ కార్బన్ బృందం 15 ఏళ్ల వయసున్న పురుగుల్ని తెచ్చి పీచ్ చెట్ల వేళ్లకు చేర్చింది. ఆ చెట్లను ఏడాదిలో రెండుసార్లు చిగురించి పూసేలా చేసింది. పురుగులు ఏడాది ముందే బయటికొచ్చేశాయి. అవి లెక్కిస్తున్నది క్యాలెండరును కాదు, చెట్టు చిగురించిన సంఖ్యను. 13 ఏళ్ల గుంపొకటి, 17 ఏళ్ల గుంపొకటి కలిసి రావాలంటే 221 ఏళ్లు పడుతుంది. 1803లో అలా వచ్చిన రెండు గుంపులు మళ్లీ 2024లో కలిశాయి.

లెక్కకు మెదడే అక్కర్లేదని చూపించేది వీనస్ ఫ్లైట్రాప్ అనే పురుగుల్ని తినే మొక్క. దాని ఆకు లోపలి నూగును పురుగు ఒకసారి తాకితే ఏమీ జరగదు. కొద్ది సెకన్లలో రెండోసారి తాకితే ఆకు మూసుకుంటుంది. లోపల చిక్కిన పురుగు గింజుకుంటూ అయిదుసార్లు తాకేసరికి జీర్ణరసాల తయారీ మొదలవుతుంది. వాన చినుకుకో ఎండుటాకుకో మోసపోయి శక్తి తగలేసుకోకుండా ఈ ఏర్పాటు. దీన్ని 2016లో వివరించింది జర్మనీలోని వుర్జ్‌బర్గ్ విశ్వవిద్యాలయం బృందం.

14. అంకెల ఆటలో కాలేజీ విద్యార్థుల్ని ఓడించిన చింపాంజీ

జపాన్‌లోని క్యోటో విశ్వవిద్యాలయం పరిశోధన కేంద్రంలో టెట్సురో మట్సుజావా దగ్గర ‘ఐ’ అనే ఆడ చింపాంజీ 0 నుంచి 9 దాకా అంకెలు నేర్చుకుంది. 2000లో దానికి అయుము పుట్టాడు. తెరమీద అంకెలు చెల్లాచెదురుగా కనిపిస్తాయి. సెకనులో అయిదో వంతు సేపట్లో అవన్నీ తెల్లటి గళ్లుగా మారిపోతాయి. ఏ గడి వెనక ఏ అంకె ఉందో గుర్తుపెట్టుకుని వరస తప్పకుండా తాకాలి. అయిదు అంకెలతో పెట్టిన ఈ పరీక్షలో అయుము దాదాపు 80 శాతం సరిగ్గా చేస్తే, విద్యార్థులు సగం కూడా చేయలేకపోయారు. 2007లో ఈ వార్త వచ్చాక కొందరు మనుషులు పట్టుబట్టి సాధన చేసి అయుము స్థాయిని అందుకున్నారు. కాబట్టి గెలిచింది వయసా, సాధనా, జాతా అన్నది వేరే చర్చ.

15. మిఠాయి ముందు ఓడి, అంకె ముందు గెలిచిన షీబా

అమెరికాలోని ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో శారా బాయ్‌సెన్ దగ్గర షీబా అనే చింపాంజీ ఉండేది. గదిలో వేర్వేరు చోట్ల నారింజపళ్లు దాచిపెడితే, అన్ని చోట్లా తిరిగి చూసొచ్చి మొత్తం ఎన్నో ఆ అంకె రాసిన కార్డు ఎంచుకునేది. అంత తెలివైన షీబా ఓ చిన్న ఆటలో మాత్రం తేలిపోయింది.

ఆట ఇది. రెండు పళ్లేల్లో మిఠాయిలు. ఒకదాంట్లో ఎక్కువ, ఒకదాంట్లో తక్కువ. షీబా దేన్ని చూపిస్తే అది పక్కనున్న చింపాంజీకి పోతుంది. మిగిలింది షీబాది. తక్కువున్నది చూపిస్తే తనకే లాభం. కానీ షీబా పెద్ద కుప్పనే చూపించేది. అవతలివాళ్లు నోరు తీపి చేసుకుంటుంటే చూస్తూ ఉండేది. మళ్లీ ఆడితే మళ్లీ పెద్ద కుప్పే. ఎన్నిసార్లు నష్టపోయినా చేయి అటే పోయేది. వేరే చింపాంజీల సంగతీ ఇంతే.

బాయ్‌సెన్ పళ్లేల్లోంచి మిఠాయిలు తీసేసి వాటి బదులు అంకెలున్న కార్డులు పెట్టింది. బహుమతి మాత్రం మిఠాయిలే. షీబా వెంటనే చిన్న అంకెను చూపించి, పెద్ద వాటా తాను తీసుకుంది. కార్డులు తీసి మళ్లీ మిఠాయిలు పెడితే మళ్లీ పాత కథే. గ్యారీ బెర్న్‌ట్‌సన్‌తో కలిసి బాయ్‌సెన్ దీన్ని 1995లో ప్రచురించింది. ఆట నియమం షీబాకు మొదటి నుంచీ అర్థమయ్యే ఉంది. తిండి కళ్లముందుంటే ఆ అర్థమైనది చేతిదాకా రావడం లేదు, అంతే.

ఎక్కువ తక్కువల తూకం చేపకూ చింపాంజీకీ మనకూ ఉమ్మడి ఆస్తి. కాగితంమీద రాసిన అంకె మాత్రం మనుషులు కనిపెట్టిన పనిముట్టు. లెక్కపెట్టడానికే కాదు, ఆశ నుంచి ఒకడుగు వెనక్కి జరిగి ఆలోచించడానికీ అది పనికొస్తుందని మనకు చూపించింది ఓ చింపాంజీ.